దగ్గరికొచ్చాక ఫోన్లు తగ్గాయి

మేం అమెరికా నుంచి వచ్చేశామని తెలిస్తే బెంగళూరులో జనం రెండే అడుగుతారు. ఉద్యోగం పోయిందా? మళ్ళీ వెళ్తారా? మొదటిదానికి లేదనే చెప్తాం. రెండోదానికి మా ఇంట్లోనే ముగ్గురం మూడు జవాబులు చెప్తాం.

మాది అనంతపురం. మా ఆయనది గుంటూరు పక్క పల్లె. 2012లో వెళ్ళాం, 2024 జూన్‌లో వచ్చేశాం. అక్కడ ఉన్నంతకాలం న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే. ఓక్ ట్రీ రోడ్డు గురించి విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మెంతికూర మొదలు మంగళసూత్రం గొలుసు దాకా ఆ రోడ్డు మీద దొరకనిది లేదు. వారం వారం ఎవరో ఒకరింట్లో భోజనాలు, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి, పిల్లలకు ఆదివారం తెలుగు బడి. అందుకే ఇంటిమీద బెంగ అనగానే "పాపం అక్కడ మన తిండి దొరక్క" అనేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఉగాదికి నేను అక్కడ చేసినన్ని ఓలిగలు ఇక్కడ ఏ ఉగాదికీ చెయ్యలేదు.

నాకు బెంగ పండగల్లో వచ్చేది కాదు. పండగపూట ఇల్లంతా జనం, వంటింట్లో నలుగురు ఆడవాళ్ళం, దానికి టైమెక్కడ? ఏ విశేషమూ లేని రోజు, గిన్నెలు సర్దుకునేటప్పుడు వచ్చేది. రాత్రి తొమ్మిదికి అమ్మకు ఫోన్ చేసేదాన్ని. ఎండాకాలంలో అయితే అనంతపురంలో పొద్దున ఆరున్నర. అమ్మ కాఫీ తాగుతూ మాట్లాడేది. నాన్న పోయాక ఆ ఫోన్ ఒక్కరోజూ తప్పలేదు. ఒకసారి వీడియో పెడితే నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమైందమ్మా అంటే "ఎండగా ఉంది పాపా" అంది. పొద్దున ఆరున్నరకి, ఇంట్లో, మంచం మీద! కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యి నాలుగు రోజులైందని చివరికి పక్కింటి అక్క ఫోన్ లాక్కుని చెప్పింది. "చెప్తే నువ్వు ఆడినుంచి చేసేదేముంది, ఏడ్చుకుంటా కూచుంటావు" అంది అమ్మ. ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నన్ను తినేసింది.

అయినా ఆ రాత్రే వచ్చేద్దామని తీర్మానించుకోలేదు. ఎవరూ అలా తీర్మానించుకోరు. "పాప ఐదో తరగతికి వచ్చేలోపు", "ఈ బోనస్ చేతికొచ్చాక", "గ్రీన్‌కార్డు సంగతి తేలాక" అంటూ నాలుగైదేళ్ళు గడిపాం. గ్రీన్‌కార్డు సంగతి తేలేది కాదని తెలుస్తూనే ఉంది. ఉద్యోగాల కోటా కింద ఏడాదికి ఇచ్చేవే సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని రూలు. మా వరుస తేదీ, అంటే మేం ఆ వరుసలో చేరిన తేదీ, 2016. మేం పెట్టె సర్దే నాటికి వరుస ఏ తేదీ దాకా వచ్చిందో చెప్తూ నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో మనవాళ్ళ ఈబీ-2 (పై చదువుల ఉద్యోగాల) వరుస 2012 దగ్గరే కూర్చుని ఉంది. ఒక్కో నెల రెండు వారాలు జరిగితే మా ఫ్రెండ్స్ గ్రూపులో పూలూ బెలూన్లూ, వెనక్కి పోతే ఏడుపు బొమ్మలు.

నిర్ణయం దగ్గర మా ఇద్దరికీ పెద్ద గొడవేమీ కాలేదు. ఊరి దగ్గరే అయింది. ఆయన హైదరాబాద్ అన్నారు. గుంటూరు రైలెక్కితే పొద్దుటికల్లా చేరుతుంది, బంధువులంతా అక్కడే. నేను బెంగళూరు అన్నాను. అనంతపురం రెండొందల పది కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకి ఉండొచ్చు. ఆయన కంపెనీ ఆఫీసు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉండటంతో, ఉద్యోగం మారకుండా బదిలీ అడిగే వీలు దొరికి నేను నెగ్గాను. మా అత్తగారు "మీ అమ్మకి దగ్గరవుతున్నావు, కానీలే" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ మాటకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నా, సంక్రాంతికి తప్పనిసరిగా గుంటూరే.

అమ్మని అడగలేదా అంటారేమో. అడిగాం. "ఆడుంటే ఏమి, ఈడుంటే ఏమి, మీరు బాగుంటే సాలు" అంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఎవరికి వారే చూసుకోవాలి.

కాగితాల పని గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఫోన్ చేసేవాళ్ళంతా చివరికి వచ్చేది అక్కడికే. మా అమ్మాయి అక్కడే పుట్టింది కాబట్టి అమెరికా పౌరురాలు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. తనకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకిచ్చేది) తీసుకున్నాం. అది జీవితాంతం పనికొచ్చే వీసా అనుకోవాలి. ఓటుండదు, పొలం కొనడానికి లేదు. మా ఆయన వాళ్ళ నాన్న ఈ రెండోది విని "అయితే ఈ ఎకరం ఎవరికి రాయాలిరా?" అని బాధపడ్డారు. కొనకూడదు గానీ వారసత్వంగా వస్తే అడ్డులేదని చెప్పేదాకా నిద్రపోలేదు. డాక్టరు చదువు ఆశ ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: 2021 మార్చి నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్న పిల్లలు నీట్ రాసినా ఎన్‌ఆర్‌ఐ సీట్లకే అర్హులు.

పన్నుల విషయంలో కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక వెసులుబాటుంది. దాన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. అంతకుముందు పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ప్రవాసిగా ఉంటే, లేదా ఏడేళ్ళలో ఇక్కడ గడిపింది 729 రోజులు దాటకపోతే, ఆ కొద్ది కాలం అక్కడి వడ్డీ, అద్దె, షేర్ల లాభాల మీద ఇక్కడ పన్ను కట్టక్కర్లేదు. మాకు రెండు ఆర్థిక సంవత్సరాలు దొరికింది. బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల) ఖాతాని వచ్చిన వెంటనే మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవొచ్చు. కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి ఆ పేరు మేం చెప్తే తెలిసింది. 401కే (అక్కడి రిటైర్మెంట్ పొదుపు) డబ్బు ముట్టుకోలేదు, 59½ ఏళ్ళు నిండకముందు తీస్తే పన్ను కాక 10 శాతం జరిమానా. ఇక సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి ప్రభుత్వ పింఛను. దానికి 40 క్రెడిట్లు, అంటే పదేళ్ళ ఉద్యోగం కావాలి. ఆయనకి నిండాయి. నేను హెచ్-4 (ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద వర్క్ పర్మిట్ వచ్చాకే కదా పనిచేసింది, నాకు నిండలేదు. రెండు దేశాలకీ ఆ లెక్కలు కలిపే ఒప్పందం లేదు. ఏడేళ్ళ నా జీతంలోంచి కోసుకున్నది ఆ దేశానికే చదివించి వచ్చాను. "ఆడపడుచు కట్నం" అంటాడు మా తమ్ముడు.

సామాన్ల గురించి ఒక్కటే మాట: సోఫా తేకండి.

బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గర, అనంతపురం పోయే 44వ నంబరు హైవే పక్కనే ఉంటుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా మేం బెంగళూరు చూసిందే లేదు. బయటికి రావడం, తమ్ముడు తెచ్చిన కారెక్కడం, ఉత్తరానికి తిరగడం. చిక్కబళ్ళాపూర్, బాగేపల్లి టోల్, కొడికొండ, తర్వాత పెనుకొండ కొండ. కొండ కనిపించగానే నాకు ఒంట్లో ఏదో సర్దుకునేది. ఈసారి పెట్టెలతో బయటికొచ్చి దక్షిణానికి, హెబ్బాళ వైపు తిరిగాం. మా అమ్మాయి వెనక సీట్లోంచి "అవ్వ వాళ్ళ ఇల్లు ఇటు కాదు కదా?" అంది. డ్రైవర్ కూడా నవ్వాడు. నాకు మాత్రం మొదటిసారి భయమేసింది. పన్నెండేళ్ళు ఎదురుచూసి ఇంకో కొత్త ఊరికొచ్చామన్నమాట.

వైట్‌ఫీల్డ్‌లో పద్నాలుగో అంతస్తు ఇల్లు. ఎదురింట్లో నెల్లూరు వాళ్ళు, కింద ఖమ్మం వాళ్ళు. అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే గోల: గోంగూర కట్ట వచ్చింది ఎవరికి కావాలి, విజయవాడ బస్సు మారతహళ్ళిలో ఎక్కాలా మడివాళలోనా. ఎడిసన్‌కీ దీనికీ తేడా ఏముందని మొదటి నెలంతా అనుకున్నాను. తేడా మా అమ్మాయి చూపించింది. తనకి తొమ్మిదేళ్ళు. అక్కడి లైబ్రరీ కోసం ఏడ్చేది. బొమ్మలు కాదు, స్నేహితులు కూడా తర్వాతే, ముందు లైబ్రరీ. ఒకేసారి సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకుని, వెనక్కి వేసేటప్పుడు గోడలోని కంతలోంచి ఒక్కొక్కటీ జారవిడిచే సరదా. ఇక్కడ పుస్తకాలు కొనిచ్చాం. "కొంటే వెనక్కి వెయ్యడం ఉండదు కదమ్మా" అంది. నేనేం చెప్పను?

పైగా కన్నడం. కర్ణాటకలో ఏ బోర్డు బడైనా కన్నడం నేర్పాల్సిందేనని 2015లో చట్టం వచ్చింది. న్యాయమే. కానీ ఆదివారం బడిలో ముక్కుతూ మూలుగుతూ తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లకి ఇది ఇంకో పిడుగు. ఆ పిడుగుని అమ్మ ఆపింది. మా అమ్మ పుట్టిల్లు మడకశిర వైపు. అది మొన్న 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ ఎప్పుడూ సరిహద్దు ఊరే. అమ్మకి కన్నడం తెలుగంత వచ్చు. మేమొచ్చిన రెండో నెలలో మాతో ఉండటానికి వచ్చి, సాయంత్రం పూట మనవరాలిని కూచోబెట్టుకుని, పాత కరెంటు బిల్లు వెనక రెండు గళ్ళు గీసి ఇటు తెలుగు అక్షరం, అటు కన్నడ అక్షరం రాసేది. "సూడు బుజ్జీ, తలకట్టు ఒగటే ఏరే. కడుపులో ఉండేదంతా ఒగటే." మా అమ్మాయి అలా కన్నడం నేర్చుకుంటూ తెలుగు చదవడం కూడా నేర్చుకుంది. ఆదివారం బడి మూడేళ్ళలో చెయ్యలేని పని ఇది.

ఇక అంతా కుదిరింది, అమ్మ ఇక్కడే ఉంటుంది అనుకున్నాం. గది సర్దాం, తులసి కుండీ కొన్నాం. అమ్మ పొద్దున్నే లేచి బాల్కనీలో నిలబడేది. వాకిలి ఊడ్చేపని లేదు, ముగ్గు వెయ్యడానికి గుమ్మం ముందు మూడడుగుల పాలరాయి. గేటు దగ్గర ఎవరొచ్చినా ఫోన్లో గంట మోగుతుంది, సరే నొక్కాలి, అమ్మకి చేతకాదు. లిఫ్టులో పిల్లలు ఇంగ్లీషులో పలకరిస్తారు. ఆమెకి దొరికిన ఒకే ఒక్క తోడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. కలబుర్గి వైపు నుంచి వచ్చింది, పిల్లల్ని తల్లి దగ్గర వదిలేసి. ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని కన్నడంలో మాట్లాడుకునేవాళ్ళు. వానలు పడ్డాయా, కందులు ఎట్లున్నాయి, ఊరికి ఎప్పుడు పోతావు. నేను టీ పెట్టుకోవడానికి వెళ్తే ఇద్దరూ మాట ఆపేసేవాళ్ళు. అమెరికా నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే గొప్ప వలస చేసినట్టు మాట్లాడతాను గానీ, ఆ గుమ్మంలో కూర్చున్న ఇద్దరిదీ అదే కథ. పనిమనిషికి వీసా బులెటిన్ లేదు, అంతే.

దసరాకి "పోయొస్తా" అని అమ్మ అనంతపురం వెళ్ళింది. రాలేదు. మొదట ఇంటికి సున్నం అంది, తర్వాత చెనక్కాయల గుత్త డబ్బులు రావాలంది, తర్వాత ఏ సాకూ చెప్పడం మానేసింది. నేను కారేసుకుని పోయి కూర్చున్నాను. ఉగ్గాని, బజ్జీ పెట్టింది. తిన్నాక చెప్పింది.

"నాకు ఆడ నిద్ర పట్టదు పాపా. నువ్వొచ్చినావు, అది సాలు. నేను యాల రావల్ల?"

నీ కోసమే కదమ్మా వచ్చింది అనబోయి ఆగాను. ఆ మాట అంటే ఆ బరువు ఆమె మీద పెట్టినట్టే. పైగా అది పూర్తిగా నిజం కూడా కాదు.

అమ్మే ఇంకో మాట అంది. "నువ్వు ఆ దేశంలో ఉన్నెప్పుడు దినామూ ఫోన్ చేస్తాంటివి. ఇప్పుడు ఈడికొచ్చి వారానికొకతూరి చేస్తాండావు."

లెక్క చూస్తే నిజమే. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఫోన్ వేళ. గడియారాలు తొమ్మిదిన్నర గంటలు తేడాలో ఉండటం వల్ల అది ఒక్కటే కుదిరే సమయం, అందుకే తప్పేది కాదు. ఇక్కడ ఎప్పుడు చేసినా అమ్మకీ నాకూ ఒకే టైము. ఎప్పుడైనా చెయ్యొచ్చు కాబట్టి సాయంత్రం చేద్దాం, రేపు చేద్దాం, ఎలాగూ శనివారం వెళ్తున్నాం కదా. శనివారం కేఆర్ పురం దాటేసరికే ఆయనకి ఓపిక అయిపోయేది. కాచిగూడ–యశవంతపూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది, బాగానే ఉంటుంది గానీ వైట్‌ఫీల్డ్ నుంచి యశవంతపూర్ చేరడమే సగం ప్రయాణం. మళ్ళీ రాత్రి తొమ్మిదికి ఫోన్ మొదలుపెట్టాం. అమ్మ ఆ వేళకి నిద్రకి పడుతుంది, ఆవలిస్తూ మాట్లాడుతుంది. పొద్దున ఆరున్నరకి మార్చాం. ఇప్పుడు ఆవలించేది నేను.

అనంతపురంలో నాకు ఇంకో సంగతి ఎదురైంది. వీధిలోకి వెళ్తే కుర్చీ వేస్తారు. పుట్టి పెరిగిన వీధిలో, అరుగు మీద కూర్చోబోతే "ఉండుమ్మా" అని లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి మరీ వేస్తారు. "ఎప్పుడొచ్చినావు? ఎన్ని దినాలుంటావు?" అమెరికా నుంచి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్నలే. రేపు పోతానంటే "అప్పుడే?" అంటారు. మూడు వారాల సెలవులకి వచ్చినప్పుడు నయం, ఇరవై రోజులైనా ఉండేదాన్ని.

మా ఆయన బెంగ వేరే రకం. పైకి అనరు. ఆయనకి న్యూజెర్సీలో ఇష్టమైంది మంచు తవ్వడం. ఇంటి ముందు దారి తవ్వుకుని, పక్కింటి పెద్దాయన దారి కూడా తవ్వి, చెమటతో లోపలికొచ్చి కాఫీ అడిగేవారు. ఇక్కడ ఆయన చేత్తో చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు, అన్నిటికీ మనుషులున్నారు. వీసా బులెటిన్ ఇప్పటికీ నెలనెలా చూస్తారు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన అర్జీ) ఆమోదమైంది కాబట్టి ఆ 2016 తేదీ మాకు అలాగే ఉంటుంది, రేపెప్పుడైనా ఏదైనా కంపెనీ తీసుకుంటే పనికొస్తుందని. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చింది, దేశం బయట ఉన్నవాళ్ళకి కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పెట్టాలంటే లక్ష డాలర్లు కట్టాలని. ఎడిసన్ స్నేహితులు వరసగా ఫోన్లు. "మీరు ముందే వచ్చేసి బతికిపోయారు" అని కొందరు, "తలుపులు మూసుకున్నాయే" అని కొందరు. ఆయన ఆరోజు ఏమీ మాట్లాడలేదు. రాత్రి కారు కడిగారు. ఆ కారు రోజూ పొద్దున కడగడానికి మనిషున్నాడు.

నా సంగతా? నాకు ఎడిసన్ కావాలి. అక్కడ ఉన్నప్పుడు అనంతపురం కావాల్సి వచ్చింది. ఇది చెప్పుకుంటే పిచ్చిదంటారని చాలారోజులు చెప్పలేదు. ఆఫీసు నుంచి నడిచొచ్చే దారిలో మేపుల్ చెట్లు, పలకరించి వదిలేసే పొరుగు, నెలల తరబడి ఎవరూ "రెండోది ఎప్పుడు?" అని అడగకపోవడం. ఈ చివరిదాని విలువ వచ్చాక తెలిసింది.

ఇప్పుడు నెలకొకరైనా అడుగుతారు, రావాలా వద్దా అని. బెంగగా ఉందని మాత్రం రాకండి అని చెప్తున్నాను. బెంగ మీతోపాటే విమానం ఎక్కుతుంది, దిగాక ఊరి పేరు మార్చుకుంటుంది. రావడానికి వేరే కారణం ఒకటి ఉండాలి, అది చిన్నదైనా పర్లేదు. మాకుంది. మొన్న చలికాలం అమ్మకి రెండో కంటి ఆపరేషన్. ఈసారి నల్లద్దాలు నేనే కొన్నాను. ఆస్పత్రి వరండాలో కూర్చుని చుక్కల మందు వేళలు రాసుకున్నాను, నాలుగు రోజులు ఉండి వచ్చాను. అమ్మ నన్ను రమ్మని పిలవలేదు, తారీఖు చెప్పింది, అంతే. ఇంకా అడిగితే ఈ రెండూ చెప్తాను: పిల్లలు ఆరో తరగతి దాటకముందే రండి, వచ్చిన మొదటి రెండేళ్ళు ఇల్లు కొనకండి. ఎదురింటి నెల్లూరు వాళ్ళు కొన్నారు, 2024 వేసవిలో నీళ్ళ ట్యాంకర్ల కోసం అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడ్డ కథలు చెప్తారు.

ఈ మార్చితో మా ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయింది. ఇక అక్కడి ఖాతాలన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాలి. ఆడిటరు జాబితా అడిగాడు, ఆయన కూర్చుని రాస్తున్నారు. అమ్మాయి కాలేజీకి అక్కడికే పోతానంటోంది. పాస్‌పోర్టు ఉంది, ఆపేదెవరు? అమ్మేమో ఉగాదికి వచ్చి వారం ఉండి, వంటింటి గుమ్మంలో తన స్నేహితురాలితో మాట్లాడుకుని, పోయింది. పోయినవారం ఇంటి ఓనరు అద్దె అగ్రిమెంటు తెచ్చాడు. ఈ ఊళ్ళో అందరూ రాసుకునేట్టే పదకొండు నెలలకి. మూడేళ్ళకి రాసుకుందామా, అద్దె పెంచను అన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకుని పదకొండు నెలలే చాలన్నాం.